పాలిథీన్ షీటు కింద నీటి చుక్కలు: మా పార్కింగ్‌కు ఎపాక్సీ ఫ్లేక్ ఫ్లోర్ వేయించిన అనుభవం

తిరుపతిలో మా ఇల్లు తుమ్మలగుంట వైపు. కింద పార్కింగ్, పైన మేము. పార్కింగ్ అంటే 350 చదరపు అడుగుల సిమెంటు గచ్చు, అంతే. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి పైన సిమెంటు పాలు పోసి, తాపీతో నున్నగా రుద్ది, "అద్దం మాదిరి ఉంటాది చూడమ్మా" అన్నాడు. రెండేళ్లు నిజంగానే అద్దంలా ఉండింది. ఆ తరువాత పొడి లేవడం మొదలైంది. పొద్దున ఊడిస్తే చేటెడు బూడిద, సాయంత్రానికి మళ్లీ అంతే. కారు మీద బూడిద, చెప్పుల్లో బూడిద, మెట్లెక్కి వచ్చిన ప్రతి కాలితో ఇంట్లోకి బూడిద. "ఇది గచ్చు కాదే, విభూతి పండు" అనేది మా అత్తమ్మ.

టైల్స్ వేద్దామా అని మొదట అనుకున్నాం. టైల్ కింద ఎక్కడైనా డొల్ల ఉంటే కారు చక్రం ఎక్కగానే పగులుతుంది. పైగా రెండంగుళాలు ఎత్తు పెరిగితే గేటు తెరుచుకోదు. గ్రానైట్ వేస్తే వానకు జారుతుంది. అప్పుడు మా ఆయన ఎపాక్సీ మాట ఎత్తారు, అంటే నేల మీద పూతలా వేస్తే గట్టిపడిపోయే రసాయనం. ఆయన ఉద్యోగం శ్రీసిటీలో, ఒక ఫ్యాక్టరీలో. అక్కడ షాప్ ఫ్లోర్ అంతా ఎపాక్సీయేనట. ఫోర్క్‌లిఫ్టులు రోజంతా తిరుగుతాయి, ఆయిల్ పడితే గుడ్డతో తుడిచేస్తారు. ఇళ్లకైతే దాని మీద ఫ్లేకులు, అంటే రంగు రంగుల పలచటి రేకుల్లాంటి చిన్న ముక్కలు చల్లి గ్రానైట్‌లా కనిపించేట్టు చేస్తారని ఫోన్లో ఫొటోలు చూపించారు. చూపించి ఆయన మానాన ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. మనుషుల్ని వెతకడం, రేట్లు మాట్లాడటం, దుమ్ములో నిలబడటం అన్నీ నా వంతు.

దీపావళి ముందు మొదటి మనిషిని పిలిచాను. బండి దిగకుండానే పార్కింగ్ వైపు ఒక చూపు చూసి, చదరపు అడుగుకు 60 రూపాయలన్నాడు. ఆసిడ్‌తో కడిగి, రెండు కోట్లు కొట్టి, పైన ఫ్లేకులు చల్లి ఒక్క రోజులో అప్పగిస్తానన్నాడు. 21 వేలలో అయిపోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు? అడ్వాన్సు కూడా చేతిలో పట్టుకున్నాను. ఆ పూటకు ఎందుకో ఆగాను. చెన్నైలో ఇంకో కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే, ఎంత చిన్న పనైనా 800 అడుగులకు తక్కువ బిల్లు వేయం అన్నారు. అంత దూరం నుంచి మిషన్లు మోసుకొచ్చేవాళ్ల లెక్క వాళ్లది, తప్పుపట్టను.

మూడో మనిషి రేణిగుంట నుంచి వచ్చాడు. గోడౌన్లకు, హాస్పిటళ్లకు ఫ్లోరింగ్ చేసే కాంట్రాక్టర్. నలభై ఏళ్లుంటాయి. తమిళం కలిసిన తెలుగు. రేటు అడిగితే చెప్పలేదు. జేబులోంచి చిన్న సుత్తి తీసి, గొంతుక్కూర్చుని నేలను అడుగడుగుకూ తట్టుకుంటూ పోయాడు. కుండ కొనేటప్పుడు మనం వేలితో తట్టి వింటామే, అట్లా. చాలాచోట్ల టంగుమని గట్టి చప్పుడు. మెట్ల దగ్గర ఒకచోట మాత్రం డబడబమంది. "ఇక్కడ పై పొర విడిపోయింది అక్కా. దీని మీద బంగారం పోసినా లేచిపోతాది" అన్నాడు. తరువాత సీసాలోంచి నాలుగు చోట్ల నీటి చుక్కలు వేశాడు. చుక్కలు తామరాకు మీద ఉన్నట్టే నిలబడ్డాయి, లోపలికి ఇంకలేదు. మేస్త్రి అద్దంలా రుద్దిన ఆ సిమెంటు పాల పొర వల్లేనట. నీళ్లే తాగని నేల, అన్నిటికంటే ముందు వేసే ప్రైమర్ పూతను ఎక్కడ తాగుతుంది?

"మరి ఆసిడ్‌తో కడిగితే?" అన్నాను, 21 వేలు ఇంకా మనసులోనే ఉన్నాయి కాబట్టి.

"ఆసిడ్ కొడితే పైన కొంచెం కొరుకుతాది, అంతటా ఒకేలా కొరకదు. మళ్లీ కడగాల, ఆ నీళ్లు నేలలోకి పోతాయి, ఆరడానికి రోజులు పడతాది. మిషన్ పెట్టి గ్రైండింగ్ చేయాల్సిందే అక్కా."

పోతూ పోతూ ఒక పని చేశాడు. అడుగున్నర చదరం పాలిథీన్ షీటు ముక్కలు మూడు కోసి, మూడు చోట్ల నేలకు పరిచి, నాలుగు వైపులా టేపు వేసి గాలి పోకుండా మూసేశాడు. రేపు పొద్దున దాకా ఎవరూ తొక్కకండి, పొద్దున ఫొటో తీసి పంపండి అని వెళ్లిపోయాడు. అత్తమ్మ పైనుంచి చూసి "ఏందమ్మే, గచ్చుకు బ్యాండేజీ వేసినాడు?" అంది.

తెల్లారి చూస్తే రెండు షీట్లు పొడిగానే ఉన్నాయి. మూడోది, సంపు పక్కన వేసినది, లోపలంతా చెమట పట్టింది. ఇడ్లీ పాత్ర మూత లోపలి వైపు ఎట్లా ఉంటుందో సరిగ్గా అట్లా. టేపు తీసి షీటు ఎత్తితే చుక్కలు జారి నేల మీద పడ్డాయి. షీటు ఉన్నంత మేర గచ్చు నల్లబడింది. తొమ్మిదేళ్లుగా దాని మీద నడుస్తున్నాం, ఏ రోజూ తడి తగల్లేదు. తగలదు కూడా, పైకి వచ్చిన ఆవిరి వచ్చినట్టే గాలిలో కలిసిపోతుంది కదా. పైన ప్లాస్టిక్ లాంటి పొర వేసి మూసేస్తే ఆ ఆవిరికి దారి ఉండదు. కిందినుంచి నెట్టి బొబ్బలు లేపుతుంది.

తిరుపతిలో చాలా ఇళ్లకు ఉన్నట్టే మాకూ సంపు పార్కింగ్ కిందే ఉంది. ఫొటో చూసి కాంట్రాక్టర్ ఫోన్లో ఒకే మాటన్నాడు. "ఇప్పుడు వద్దక్కా. సంపు సంగతి చూసుకోండి. ఈ వానలు పోనీండి. సంక్రాంతి అయినాక మాట్లాడదాం."

నాకు కోపమొచ్చింది. డబ్బులిస్తానంటుంటే వద్దనే మనిషిని ఎక్కడ చూశాం? మా ఆయనకు చెబితే "వేరే ఆర్డర్ పెద్దది తగిలుంటుంది, నిన్ను తప్పించుకుంటున్నాడు" అన్నారు. అప్పుడు 60 రూపాయల ఆయనకే మళ్లీ ఫోన్ చేసి తేమ సంగతి చెప్పాను. "ఏం కాదు మేడం, ప్రైమర్ కొడితే తేమ ఆగిపోతాది" అన్నాడు. గ్యారంటీ కాగితం మీద రాసిస్తారా అన్నాను. తరువాత ఆయన ఫోన్ ఎత్తలేదు.

సంపు మేస్త్రి వచ్చి మూత తీసి టార్చి వేస్తే అసలు సంగతి బయటపడింది. సంపు నిండగానే నీళ్లు ఆపాల్సిన ఫ్లోట్ వాల్వ్ పట్టేసింది. కార్పొరేషన్ నీళ్లు వదిలినప్పుడు మేం చూసుకోకపోతే సంపు నిండిపోయి నీళ్లు పైకప్పు స్లాబును తాకుతున్నాయి. స్లాబు అడుగున తడి మరకలు గీతలు గీతలుగా ఉన్నాయి. గోడకూ స్లాబుకూ మధ్య సన్నటి పగులు కూడా ఉంది. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచిన వానలప్పుడు మా వీధిలో నీళ్లు నిలిచి, సంపులోకి బురద నీళ్లు దిగాయి. అప్పుడు కడిగించి క్లోరిన్ వేసి ఊరుకున్నాం కానీ, ఆ నీళ్లు ఎక్కడినుంచి దిగాయో చూసుకోలేదు. ఆ పగులులోంచే. మేస్త్రి సంపు ఖాళీ చేసి, పగులు వెడల్పు చేసి పూడ్చి, తాగునీటికి పనికొచ్చే వాటర్‌ప్రూఫ్ పూత లోపలంతా రెండుసార్లు వేశాడు. వాల్వ్ మార్చి, నీళ్లు స్లాబుకు జానెడు కిందే ఆగేట్టు పెట్టాడు. దానికి 11 వేలు. ఫ్లోరింగ్ ఊసే ఎత్తకపోయి ఉంటే ఆ పగులు గుండా ఇంకెన్నేళ్లు వాననీళ్లు తాగేవాళ్లమో.

సంక్రాంతి వెళ్లాక కాంట్రాక్టర్ తనే ఫోన్ చేశాడు. మళ్లీ షీట్లు పరిచాం, ఈసారి సంపు చుట్టూనే మూడు. పొద్దున చూస్తే రెండు పొడి, ఒకదాని లోపల అద్దం మీద ఊదినంత మంచు పొర మాత్రం ఉంది. సంపు మీద దాదాపు 60 అడుగుల మేర తేమను తట్టుకునే ప్రైమర్ వేరుగా వేద్దామన్నాడు. ఇక అప్పుడు రేటు కాగితం మీద పెట్టాడు. అడుగుకు 140, మొత్తం 49 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 8,820. డొల్ల ఉన్న చోట పగలగొట్టి పూడ్చడానికి 4,500, సంపు మీది ప్రైమర్‌కు 1,500. అంతా కలిపి 63,820. మొదటి మనిషి చెప్పినదానికి మూడింతలు. సగం అడ్వాన్సు, ఫ్లేకులు పడ్డాక 40 శాతం, మిగిలిన 10 శాతం కారు లోపల పెట్టుకుని పదిహేను రోజులు వాడాక. ఈ చివరి ముక్క నేను పట్టుబట్టి రాయించాను. ఇది రాయించకపోయి ఉంటే ఏమయ్యేదో కిందికి పోయాక చెబుతాను.

రంగు దగ్గర ఇంట్లో రెండు రోజులు పంచాయితీ. అరచేయంత సాంపిల్ పలకలు పది తెచ్చిచ్చాడు. మా అబ్బాయికి నీలం, నలుపు కావాలి. నాకు బూడిద రంగు, ఎందుకంటే దుమ్ము కనబడదు. అత్తమ్మ ఒక్కో పలకా ఎత్తి చూసి తీర్పులు చెప్పింది: ఇది ఉప్మాలో ఆవాలు, ఇది చిమ్మిలి, ఇది రాగి సంగటిలో నూకలు. చివరికి బూడిద, తెలుపు, నలుపు, అక్కడక్కడా కాస్త ఇటుక రంగు కలిసినది తీసుకున్నాం. ఒక మాట చెప్పాలి. అరచేయంత పలకలో చూసిన రంగు 350 అడుగుల నేల మీద అంతకంటే ముదురుగా అనిపించింది. పలకను గదిలో ట్యూబులైటు కింద కాదు, వేయబోయే చోటే నేల మీద పెట్టి, నిలబడి చూడాలి. నేను డైనింగ్ టేబుల్ మీద పెట్టి చూశాను.

అత్తమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. గేటు లోపల మొదటి రెండడుగులు ముట్టుకోకూడదు. రోజూ ముగ్గు పడేది అక్కడే. ఆ కాంట్రాక్టర్ కూడా వెంటనే ఒప్పుకున్నాడు. ఆ రెండడుగులకు పైన కప్పు లేదు, ఎండ నేరుగా పడుతుంది. ఎపాక్సీకి ఎండ పడదు, పసుపు తిరుగుతుంది, పైపొర సున్నంలా పొడిబారుతుంది. "అవ్వ చెప్పిందే కరెక్టు" అన్నాడు. ఆ తరువాత పని జరిగినన్ని రోజులూ అత్తమ్మ మేస్త్రి హోదాలోనే ఉంది.

ఫిబ్రవరిలో పని మొదలైంది. ముందు రోజు పార్కింగ్ ఖాళీ చేయడం ఒక తిరునాళ్ల. పాత నులక మంచం, రెండు గట్టిపడిన సిమెంటు మూటలు, మా అబ్బాయి మూడు చక్రాల సైకిలు, ఎవరివో తెలియని రెండు హెల్మెట్లు బయటపడ్డాయి. స్కూటర్ నిలబెట్టే చోట ఆయిల్ మరకలను ముందే గ్రీజు తీసే మందు వేసి రుద్దారు. ఆయిల్ ఉండగా గ్రైండింగ్ చేస్తే అది ఇంకా లోపలికి రుద్దుకుపోతుందట.

గ్రైండింగ్ మిషన్ చూడటానికి గడ్డి కోసే మిషన్‌లా ఉంది. అడుగున గుండ్రటి పళ్లెం, దానికి వజ్రపు పొడి అతికిన ముక్కలు, వెనక లావుపాటి గొట్టంతో వాక్యూమ్. పెద్ద మిషన్లకు త్రీ ఫేజ్ కరెంటు కావాలి. మా మీటర్ సింగిల్ ఫేజ్. ఆ సంగతి కాంట్రాక్టర్ ముందే మీటరు ఫొటో అడిగి చూసుకుని, సింగిల్ ఫేజ్‌కు నడిచే చిన్న మిషన్ తెచ్చాడు. అంత జాగ్రత్తపడితే నేను పైన బోరు మోటరు వేశాను. టపుక్కున ట్రిప్పయింది. ఆ రోజంతా ఒకరు కిందినుంచి "అక్కా, మోటర్!" అని అరవడం, నేను పైనుంచి "ఆపేసినా!" అని అరవడం.

వాక్యూమ్ ఎంత లాగినా అంచుల దగ్గర చేతి గ్రైండర్‌తో చేసేటప్పుడు దుమ్ము లేచింది. నేను ఆలోచించని సంగతి ఒకటుంది. పక్కింటి పిన్నమ్మ మిద్దె మీద ఊర మిరపకాయలు ఆరబెట్టి ఉంది. సాయంత్రం ఆమె పళ్లెం పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. మజ్జిగలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి అయిదు రోజులు పడిన కష్టం. మిరపకాయల మీద తెల్లగా సిమెంటు. ఏం మాట్లాడగలను? మరుసటి రోజు సంతకు పోయి రెండు కిలోల మిరపకాయలు, పెరుగు తెచ్చి ఇచ్చాను. గ్రైండింగ్ ముందు రోజు చుట్టుపక్కల నాలుగిళ్లకు ఒక మాట చెప్పండి. కాంట్రాక్టర్లు చెప్పరు.

గ్రైండింగ్ అయిన నేల చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. నున్నదనమంతా పోయి గరుకు ఉప్పు కాగితంలా అయింది, లోపలి ఇసుక రేణువులు బయటికి కనిపిస్తున్నాయి. కాంట్రాక్టర్ మళ్లీ సీసా తెచ్చి నీటి చుక్క వేశాడు. పడీ పడగానే నల్లగా విచ్చుకుని ఇంకిపోయింది. "ఇప్పుడు తాగుతా ఉంది చూడండి" అన్నాడు. నేను ఇంకో చుక్క వేశాను. అదీ ఇంకిపోయింది. ఎందుకో తెలియదు, ఆ 63 వేలలో ఆ రెండు చుక్కలే నాకు బాగా గుర్తున్నాయి.

రెండో రోజు డొల్ల ఉన్న చోట పగలగొట్టి, ఎపాక్సీలో సిలికా ఇసుక కలిపిన ముద్దతో పూడ్చారు. పగుళ్లన్నీ వీ ఆకారంలో కోసి నింపారు. సంపు స్లాబుకూ మిగతా నేలకూ మధ్య ఉన్న జాయింటును మాత్రం గట్టి ముద్దతో నింపలేదు. అక్కడ రెండు స్లాబులూ వేరువేరుగా కదులుతాయి, గట్టిగా పూడిస్తే పైపొర అక్కడే చీలుతుందని, తరువాత సాగే గుణమున్న పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్‌తో ఆ సందు మూశారు. సాయంత్రం ప్రైమర్.

మూడో రోజు అసలు తంతు. పొద్దున ఎనిమిదికల్లా వస్తారనుకుని నేను టిఫిన్లు కూడా చేసి పెట్టాను. వాళ్లు వచ్చింది మధ్యాహ్నం రెండు దాటాక. అడిగితే, పొద్దున ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి అందులోని సన్నటి రంధ్రాల్లో గాలి వ్యాకోచిస్తుందట, పైన వేసిన పూతలోంచి బుడగలై వస్తుందట. మధ్యాహ్నం తిరిగాక నేల చల్లబడటం మొదలవుతుంది, అప్పుడు వేస్తే పూతను లోపలికి లాక్కుంటుంది. అట్లాగని రాత్రి దాకా లాగకూడదు. మంచు తేమ పడితే, ఎపాక్సీని గట్టిపరచడానికి కలిపే హార్డ్‌నర్ గాలిలోని తేమతో కలిసి పైన జిడ్డు తెలుపు పొర కడుతుంది. ఆరులోపు అయిపోవాలి. కార్తీకంలో ఆ జల్లుల మధ్య 60 రూపాయల మనిషి ఈ పని ఒక్క రోజులో ఎట్లా చేసి ఉండేవాడో ఊహించుకోండి.

ఎపాక్సీ రెండు డబ్బాలు. ఒకదాంట్లో రెజిన్, ఒకదాంట్లో హార్డ్‌నర్. తూకం వేసి, డ్రిల్లు మిషన్‌కు కవ్వం లాంటిది బిగించి కలుపుతారు. కలిపిన క్షణం నుంచే లోపల రసాయన చర్య మొదలై వేడి పుడుతుంది. నేల మీద పలచగా పరిస్తే ఆ వేడి పోతుంది, బక్కెట్లో ఉంచితే వేడి వేడిని పెంచుతుంది. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లిద్దరు పని చేస్తున్నారు. చిన్నవాడు ఒక బక్కెట్లో అడుగున మిగిలినది గోడ పక్కన పెట్టి మరిచాడు. కాసేపటికి ఘాటు వాసన, సన్నటి పొగ. ప్లాస్టిక్ బక్కెట్ పక్కకు ఒరిగిపోయింది. కాంట్రాక్టర్ పరిగెత్తుకుంటూ దాన్ని బయట ఇసుకలో పెట్టి, వాడిని తమిళంలో, హిందీలో, తెలుగులో వరసగా తిట్టాడు. ఆ కుర్రాడి మణికట్టు దగ్గర ఎర్రటి దద్దుర్లున్నాయి. గ్లవ్స్ లేకుండా హార్డ్‌నర్ ముట్టుకున్నందుకట. ఒకసారి పడకపోవడం మొదలైతే మళ్లీ ముట్టుకున్నప్పుడల్లా వస్తుందట. మరుసటి రోజు నుంచి గ్లవ్స్ వేసుకుంటేనే టీ అని అత్తమ్మ రూలు పెట్టింది. వాడికి భాష రాదు, కానీ అర్థమైంది.

బేస్ కోట్ బూడిద రంగు. నేల మీద పోసి, పళ్లున్న స్క్వీజీతో లాగి, రోలర్‌తో అడ్డంగా నిలువుగా సమానం చేశారు. ఇక ఫ్లేకులు. కాళ్లకు ముళ్ల చెప్పులు కట్టుకుని ఆ తడి మీదే నడుస్తారు. ముళ్ల గుర్తులు వాటంతటవే పూడిపోతాయి. గుప్పెడు ఫ్లేకులు తీసి నేల మీదికి కాదు, పైకి విసిరాడు కాంట్రాక్టర్. తల ఎత్తు దాకా లేచి, విచ్చుకుని, గాలిలో తిరుగుతూ వాలాయి. నేరుగా కిందికి వేస్తే కుప్పలు పడతాయి, అంచుకు గుచ్చుకుని నిలబడతాయి. పైకి వేస్తే బోర్లా పడతాయి. వరి నారుమడికి విత్తనం చల్లే చెయ్యి ఎట్లా తిరుగుతుందో అట్లాగే తిరిగింది ఆ చెయ్యి. అత్తమ్మ మెట్ల మీద కూర్చుని "అక్షింతలు మాదిరి ఉండాయి నాయనా, మంత్రాలు కూడా చదవండి" అంది. అడుగున రంగు కనబడనంత వరకు, ఇక అంటుకోవడానికి తడి మిగలనంత వరకు చల్లుతూనే ఉండాలి. దాదాపు 20 కిలోలు పట్టింది. పని పూర్తయ్యేసరికి పార్కింగ్ నిండా ఎండిన ఆకులు రాలినట్టు గలగలమంటూ ఉంది.

ఆకులంటే గుర్తొచ్చింది. మా గేటు పక్కన వేపచెట్టు. ఫిబ్రవరి అంటే వేప ఆకు రాల్చే కాలం. ముందే చూసుకుని గ్రీన్ నెట్ కట్టారు. అయినా ఒకటి వచ్చింది, ఎట్లా వచ్చిందో. తెల్లారి అదనపు ఫ్లేకులు గీకి ఎత్తేస్తుంటే, వంకర ఆకు ఒకటి బేస్ కోట్లో అతుక్కుపోయి కనిపించింది. తీయబోతే నేనే వద్దన్నాను. మా అబ్బాయి దాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాడు. ఇప్పటికీ లోపల ఉంది.

నాలుగో రోజు గీకడం. వెడల్పు బ్లేడుతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. నిలబడిన ఫ్లేకుల అంచులన్నీ విరిగిపోవాలి, లేకపోతే పాదాలకు గుచ్చుకుంటాయి. ఊడ్చిన ఫ్లేకుల్లో శుభ్రంగా ఉన్నవి కాంట్రాక్టర్ సంచిలో ఎత్తుకున్నాడు, ఇంకో పనికి వాడతారు. మనం డబ్బులిచ్చినవే కదా అని నేను ఒక హార్లిక్స్ సీసా తెచ్చి నింపుకున్నాను. "ఎందుకక్కా?" అని నవ్వాడు. ఉండనీ అన్నాను.

టాప్ కోట్, అంటే అన్నిటికీ పైన వేసే చివరి పూత దగ్గర రెండు దారులు చెప్పాడు. పాలీఆస్పార్టిక్ అనే రకమైతే కొన్ని గంటల్లో గట్టిపడుతుంది, కానీ ఖరీదు, చేయి చాలా వేగంగా నడవాలి. ఎండకు పసుపు తిరగని పీయూ అయితే నిదానంగా ఆరుతుంది, మాకు తొందరేమీ లేదు. పీయూ తీసుకున్నాం. పార్కింగ్ ఒక వైపు తెరిచే ఉంటుంది కాబట్టి పైపొరగా ఉత్త ఎపాక్సీ వద్దని అతనే చెప్పాడు. జారకుండా అందులో సన్నటి గరుకు పొడి కలిపించాను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. తడి నేల మీద ఆమె జారితే ఈ అందమంతా ఎందుకు?

ఒక రోజు తరువాత నడవచ్చు, కారుకు ఏడు రోజులు. మా ఆయన అయిదో రోజే "పైకి గట్టిగానే ఉంది కదా" అని తాళం పట్టుకున్నారు. శ్రీసిటీ నుంచి అంత దూరం పరిగెత్తి వచ్చిన టైర్లు వేడిగా ఉంటాయి. పూర్తిగా గట్టిపడని పూత మీద వేడి టైరు నిలిపితే, చల్లారేటప్పుడు పొరను పట్టుకుని ఊడదీస్తుందని కాంట్రాక్టర్ చెప్పింది నేను అప్పజెప్పాను. ఏడో రోజు దాకా కారు వీధిలోనే.

కారు లోపలికి వచ్చింది, అందరూ బాగుందన్నారు. మాప్ పెట్టగానే తెలిసింది లోపం. గోడ వారగా ఒక మూల, సుమారు పది అడుగుల మేర, మాప్ దారాలు పట్టుకుంటున్నాయి. చేత్తో తడిమితే బియ్యపు రవ్వలా గరుకు. అక్కడ టాప్ కోట్ పలచబడింది, పైగా గరుకు పొడి అడుగున పేరుకున్న బక్కెట్ చివరి భాగం అక్కడే పోశారు. ఫొటోలు పంపాను. "అలవాటైపోతాది అక్కా" అని మొదట, "వచ్చే వారం" అని తరువాత. మూడు వారాలు గడిచాయి. చివరి 10 శాతం, అంటే ఆరు వేల పైచిలుకు, నా దగ్గరే ఉందని గుర్తు చేశాక వచ్చాడు. ఆ మూల ఉప్పు కాగితం పట్టించి మళ్లీ టాప్ కోట్ వేశాడు. బాగా కుదిరింది. డబ్బులిచ్చేశాను. పనివాడుగా అతనికి వంక పెట్టను. మొదట్లో వానలు పోనీండి అని నన్ను ఆపిన మనిషే ఇట్లా వారాలు దాటవేశాడంటే మాత్రం కొంచెం బాధేసింది.

ఇప్పుడు బూడిద లేదు. పొద్దున ఒక చీపురు, వారానికి ఒక మాప్. రబ్బరు అడుగున్న మ్యాట్లు వేయొద్దన్నాడు, మరక దిగుతుందట, కొబ్బరి పీచు పట్టా వేశాం. సంపు చుట్టూ వారానికోసారి వంగి చూస్తాను, ఇంతవరకు ఒక్క బొబ్బ లేదు. గేటు దగ్గర పాత గచ్చు రెండడుగులు అట్లాగే ఉంది, దాని మీద ముగ్గు రోజూ పడుతోంది.

మే నెలలో కార్పొరేషన్ నీళ్లు రాక ట్యాంకర్ తెప్పించాం. ట్యాంకర్ అబ్బాయి సంపు ఇనుప మూతను ఎత్తకుండా సర్రున పక్కకు లాగాడు. మూత అంచు తగిలి రూపాయి బిళ్ల అంత ముక్క ఎగిరిపోయింది, కింద సిమెంటు కనిపించింది. హార్లిక్స్ సీసా దించాను. హార్డ్‌వేర్ షాపులో చిన్న ఎపాక్సీ ప్యాక్ కొని, అట్టముక్క మీద కలిపి రాసి, రెండు వేళ్లతో ఫ్లేకులు పైకి విసిరాను. సగం నా జుట్టులో పడ్డాయి. రంగు కలిసింది. కానీ తెలిసిన కంటికి అతుకు కనిపిస్తుంది. అత్తమ్మ అటూ ఇటూ తిరిగి చూసి, చెప్పుల స్టాండు తెచ్చి దాని మీద పెట్టేసింది.